మన గూడేల్లో ఇంటి ఇంటర్నెట్ అంటే హాట్‌స్పాటే: ఇలా ఎందుకైంది?

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి, డేటా అయిపోతే సేవ్ చేసుకుని రేపు చదవండి.

అడ్మిషన్ ఫారాల్లో, సర్వేల్లో ఒక ప్రశ్న ఉంటుంది: "మీ ఇంట్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉందా?" మనలో చాలామందిమి "ఉంది" అనే టిక్కు పెడతాం. అది అబద్ధమేం కాదు. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, దాంట్లో ఒక సిమ్ ఉంటుంది, రోజుకు ఒకటో ఒకటిన్నరో జీబీ వస్తుంది. తమ్ముడికి హోంవర్క్ ఉంటే హాట్‌స్పాట్ ఆన్ చేస్తాం. అక్కకు స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఉంటే ఆన్ చేస్తాం. ఎవరిదో పాత ల్యాప్‌టాప్ దొరికితే దానికీ ఆ ఫోనే ఆధారం. మా హాస్టల్లోనూ అంతే. గదికి ఒకరిద్దరి దగ్గరే డేటా మిగులుతుంది, మిగతావాళ్లం ఆ ఫోన్ చుట్టూ కూర్చుంటాం.

దీన్నే ఇంగ్లీషులో టెథరింగ్ అంటారు. టెథర్ అంటే పలుపు. మేకనో దూడనో గుంజకు కట్టేసే తాడు. తాడు ఎంత పొడుగుంటే మేక అంత దూరమే మేస్తుంది. ఈ మాట పెట్టినవాళ్లు మన ఊళ్లను చూసి పెట్టలేదు గానీ మనకు బాగా సరిపోయింది. పట్నంలో ఇంటికి కేబుల్ వస్తుంది, గోడకు రౌటర్ ఉంటుంది, ఎవరు బయటికెళ్లినా ఇంట్లో నెట్ ఉంటుంది. మన దగ్గర ఇంటి నెట్ ఒక మనిషి జేబులో ఉంటుంది. ఆ మనిషి కొండకెళ్తే నెట్ కొండకెళ్తుంది, సంతకెళ్తే సంతకెళ్తుంది.

ఇలా ఎందుకైంది? "మనకు ఫోనంటే ఇష్టం కాబట్టి" అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. మేం చదివి తెలుసుకున్నంత మేరకు దీనికి ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఇంటికి లైను వేస్తామని మాట ఇచ్చి, పదేపదే వాయిదా వేసి, చివరికి సిగ్నల్ చూపించి "ఇచ్చేశాం" అని లెక్క రాసుకున్న చరిత్ర అది.

మొదట్లో అందరి నెట్టూ ఫోనుకు కట్టిందే

1995లో పదిహేను రోజుల తేడాలో రెండు సంగతులు జరిగాయి. జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ జరిగింది. కోల్‌కతా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, సామాన్య జనానికి ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ఇంట్లో నెట్ కావాలంటే ముందు ల్యాండ్‌లైన్ ఉండాలి. కంప్యూటర్‌కు మోడెం తగిలించి, దాన్ని ఫోన్ లైనుకు కలిపి డయల్ చెయ్యాలి. కీచుమని ఒక శబ్దం వచ్చి కనెక్ట్ అయ్యేది. నెట్ వాడుతున్నంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజ్ వచ్చేది. అంటే పట్నంవాళ్ల ఇంటి నెట్ కూడా ఫోనుకు కట్టేసినదే. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్ల దగ్గర ఆ లైను పెరుగుతూ పోయింది. అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, తర్వాత తీగ మారి ఫైబర్ వచ్చింది. మనకు ఆ మొదటి తీగే రాలేదు, కాబట్టి దాని మీద రావాల్సినవేవీ రాలేదు.

రాకపోవడానికి ప్లాను లేక కాదు. 1994 జాతీయ టెలికాం విధానంలోనే 1997 కల్లా అన్ని గ్రామాలకూ ఫోన్ అని రాశారు. 1997 వచ్చింది, పోయింది. 1999లో కొత్త విధానం వచ్చింది. మిగిలిపోయిన గ్రామాలకు 2002 కల్లా ఫోన్, నెమ్మదైన డేటా కూడా ఇస్తామన్నారు. అదీ దాటిపోయింది. మధ్యలో రేడియో మీద పనిచేసే ఎం.ఏ.ఆర్.ఆర్. అనే పరికరాలతో చాలా ఊళ్లకు పంచాయతీ ఫోన్లు పెట్టారు. అవి ఎక్కువకాలం పనిచెయ్యలేదు. తర్వాత దేశమంతా వాటిని పీకి వేరేవి పెట్టాల్సి వచ్చింది. కొండల మధ్య మరీ మారుమూల ఊళ్లకు శాటిలైట్ ఫోన్లు ఇచ్చారు. మన పెద్దవాళ్లను అడగండి. ఫోన్ చెయ్యాలంటే మండల కేంద్రంలో ఎస్టీడీ బూత్‌కు పోయినట్టే చెబుతారు. సంత రోజు ఉప్పూ కిరోసినూ కొనుక్కున్నట్టే ఆ రోజే ఫోన్ మాట్లాడుకుని వచ్చేవాళ్లు.

మొబైల్‌ని కంప్యూటర్‌కు కట్టడం ఎలా మొదలైంది

మొబైల్ మొదట్లో పేదవాడి వస్తువు కాదు. 1995లో రద్దీ వేళల్లో నిమిషానికి రూ. 16 పైనే పడేది, వచ్చిన కాల్‌కీ డబ్బులే. 2002 డిసెంబరు 28న రిలయన్స్ ఇన్ఫోకామ్ చవక సీడీఎంఏ ఫోన్లతో వచ్చింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యింది. ఈ రెండూ కలిసి ఫోన్‌ని చిన్న ఊళ్ల దాకా తెచ్చాయి. మిస్డ్ కాల్ ఇవ్వడం అనే విద్య అప్పుడే పుట్టింది.

ఇక్కడ మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆ సీడీఎంఏ ఫోన్లలో కొన్నింటికి డేటా కేబుల్ అని విడిగా అమ్మేవాళ్లు. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి #777 డయల్ చేస్తే నెట్ వచ్చేది. వేగం మహా అయితే 144 కేబీపీఎస్. జీఎస్ఎం ఫోన్లలో జీపీఆర్ఎస్ వచ్చాక *99# అనే నంబరుతో అదే పని చేసేవాళ్లు. కేబుల్ లేకపోతే బ్లూటూత్‌తో కలిపేవాళ్లు. ల్యాండ్‌లైన్ లేని ఇంట్లో మొబైలే ఇంటి లైను కావడం అక్కడే మొదలైంది. ఈ రోజు మనం చేస్తున్నది కొత్తదేం కాదు, ఇరవై ఏళ్ల నాటి పద్ధతే.

అదే కాలంలో మన పక్కనే మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం కార్‌డెక్ట్ అనే పద్ధతి తయారుచేసింది. ఊరికి తీగ లాగే ఖర్చు లేకుండా గాలిలోనే ఫోనూ నెట్టూ రెండూ ఒకేసారి ఇవ్వడం దాని ఉద్దేశం. 35 కేబీపీఎస్ వేగంతో నెట్ నడుస్తుండగానే ఫోన్ మాట్లాడుకోవచ్చు. పల్లె ఇంటికి నెట్ ఎంత తక్కువ ఖర్చులో ఇవ్వచ్చు అని ఈ దేశంలోనే బుర్రపెట్టి ఆలోచించినవాళ్లు ఉన్నారని చెప్పడానికి ఇది రాస్తున్నాం. మార్కెట్ మాత్రం చేతి ఫోన్ వైపే పరిగెత్తింది.

ఫోనే వైఫై ఇచ్చే పెట్టె కావడం తర్వాతి మెట్టు. 2008లో ఫిన్లాండ్‌కు చెందిన జోయికూస్పాట్ అనే యాప్ నోకియా ఫోన్లను వైఫై హాట్‌స్పాట్‌లుగా మార్చింది. 2010 మేలో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2లో గూగుల్ ఈ సౌకర్యాన్ని ఫోన్ లోపలే పెట్టేసింది. ఐఫోన్లకు 2011లో పర్సనల్ హాట్‌స్పాట్ వచ్చింది. సెట్టింగ్స్‌లో మనం నొక్కే ఆ చిన్న బటన్ వయసు పదిహేనేళ్లే.

ఆ బటన్ మీద పెద్ద గొడవే జరిగింది. అమెరికాలో ఫోన్ కంపెనీలు "ఫోన్లో వాడుకునే డేటా వేరు, ఫోన్ ద్వారా ల్యాప్‌టాప్‌కిచ్చే డేటా వేరు" అన్నాయి. హాట్‌స్పాట్‌కు నెలకు 20 డాలర్ల దాకా అదనంగా అడిగాయి. అదనపు డబ్బు కట్టకుండా హాట్‌స్పాట్ ఇచ్చే యాప్‌లను జనానికి అందకుండా చేశారన్న ఆరోపణ మీద వెరైజన్ కంపెనీపై అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ విచారణ జరిపింది. 2012 జూలైలో ఆ కంపెనీ 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. నేను కొన్న బియ్యం నేను వండుకుంటానా, పొరుగింటికి పెడతానా అన్నది అమ్మినవాడికి ఎందుకు? గొడవ సారం ఇంతే.

మన దేశంలో దీనికి చుట్టమైన గొడవ 2016లో జరిగింది. పేదవాళ్లకు కొన్ని సైట్లు మాత్రం ఉచితంగా ఇస్తామని ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ తెచ్చింది. సైటును బట్టి ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. ఫ్రీ బేసిక్స్ ఆగిపోయింది. ఆ రోజు వేరేలా జరిగి ఉంటే పేదవాళ్ల ఇంటర్నెట్ ఒకటి, ఉన్నవాళ్ల ఇంటర్నెట్ ఒకటి అయ్యేవి. అప్పుడు మనం హాట్‌స్పాట్ ఆన్ చేసినా పంచుకోవడానికి ఆ నాలుగు సైట్లే ఉండేవి.

హాట్‌స్పాట్ లోపల ఏం జరుగుతుంది

తమ్ముళ్ల కోసం ఇది కొంచెం వివరంగా. టవర్ నుంచి మన ఫోన్‌కు వచ్చే దారి ఒక్కటే. హాట్‌స్పాట్ ఆన్ చెయ్యగానే ఫోన్ ఒక చిన్న రౌటర్ అవుతుంది. దానికి కనెక్టయిన ప్రతి పరికరానికీ ఇంటిలోపల వాడుకునే ఒక నంబరు ఇస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలాకాలం ఆ రౌటర్ అడ్రసు 192.168.43.1గా ఉండేది. మూడు ఫోన్లు అడిగినవాటిని తన పేరు మీద బయటికి పంపి, వచ్చిన జవాబులను ఎవరివి వాళ్లకు అందిస్తుంది. ఊళ్లో చదువొచ్చినవాడు అందరి ఉత్తరాలూ రాసిపెట్టి, జవాబులు చదివి వినిపించేవాడు చూడండి, సరిగ్గా ఆ పని.

అందుకే దాని హద్దులు కూడా తెలుసుకోవాలి. వచ్చే నీళ్లు ఒక్క కుళాయివే, బిందెలు పెరిగే కొద్దీ ఒక్కోదానికి తక్కువ పడతాయి. రోజు డేటా అయిపోతే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే దాదాపు మోడెం కాలానికి వెళ్లిపోతాం. ఆ వేగంలో ఇప్పటి అప్లికేషన్ పేజీ ఒక్కటి తెరుచుకోవడమే గగనం.

వాడేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ల్యాప్‌టాప్‌కైతే వైఫై కంటే యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ మేలు. ఫోన్ వేడెక్కడం తగ్గుతుంది, చార్జింగూ అవుతుంది. రెండు, విండోస్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ అని పెట్టండి. లేకపోతే అప్‌డేట్ల పేరుతో రోజు డేటా అంతా అదే తాగేస్తుంది. మూడు, హాట్‌స్పాట్ బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పెడితే గోడలు దాటి కొంచెం దూరం వస్తుంది, 5లో పెడితే వేగం ఎక్కువ కానీ దగ్గరుండాలి. నాలుగు, సిగ్నల్ బాగా అందే కిటికీ దగ్గరో చూరు కిందో ఫోన్ పెట్టి మీరు లోపల కూర్చోండి. పుస్తకం పట్టుకుని మీరే కొండెక్కడం కంటే అది నయం.

మన ఏజెన్సీకి ఏం వచ్చింది, ఎప్పుడొచ్చింది

2014 ఆగస్టులో కేంద్రం మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు టవర్ల పథకం ఆమోదించింది. తొలి దశలో 2,343 చోట్ల టవర్లు వచ్చాయి, వాటిలో మన తెలుగు రాష్ట్రాల ఏజెన్సీలూ ఉన్నాయి. అవి 2జీ టవర్లు. దేశం 3జీ దాటి 4జీ వైపు పోతున్న ఏళ్లలో మనకు 2జీ కట్టారు. వాటిని 4జీగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఇంకో మాట కూడా మరవద్దు. ఆ టవర్లు రావడానికి మొదటి కారణం మన చదువు కాదు, భద్రత. రోడ్డు ఎందుకు వచ్చిందో టవర్ కూడా అందుకే వచ్చింది. మధ్యలో టవర్లు పేల్చిన సంఘటనలూ జరిగాయి. ఇద్దరి మధ్య గొడవలో సిగ్నల్ పోయింది మాత్రం ఊరివాళ్లకు.

2జీలో హాట్‌స్పాట్ ఆన్ అవుతుంది, కానీ పంచుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ రోజుల్లో మన "ఇంటర్నెట్" మెమరీ కార్డు. సంతలో సెల్ షాపువాడికి పదో ఇరవయ్యో ఇస్తే పాటలు, సినిమాలు కార్డులో ఎక్కించి ఇచ్చేవాడు. ఒక కార్డు ఊరంతా తిరిగేది. మనవాళ్లకు పంచుకోవడం నేర్పాల్సిన పని లేదు, హాట్‌స్పాట్ అలవాటు మనకు మెమరీ కార్డు నాటి నుంచే ఉంది.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. 2017 మార్చి 31 దాకా డేటా ఉచితం. అంతకు ముందు, 2014 ప్రాంతంలో, ఒక జీబీ సగటున రూ. 250 దాటి ఉండేది. 2018 కల్లా రూ. 12 లోపుకు వచ్చింది. రోజుకు జీబీ అనే ప్యాకులు వచ్చాకే హాట్‌స్పాట్ పేదింటి వస్తువయ్యింది. అంతకు ముందు డేటా ఎవరైనా పంచుకుంటారా? 2017లో రూ. 1,500 డిపాజిట్‌తో జియోఫోన్ కూడా వచ్చింది. అయితే మొదట్లో దాంట్లో హాట్‌స్పాట్ లేదు, చవక ఫోన్ కొన్నవాడి నెట్ వాడి దగ్గరే ఆగిపోయేది.

2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడత విద్య మీద లెక్కలు తీసింది. గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు 14.9 శాతం. పట్టణాల్లో అవి 23.4, 42 శాతం. గ్రామాల రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కంప్యూటర్ ఉన్న ఇళ్లకు మూడు రెట్లకు పైగా ఇళ్లలో నెట్ ఉంది. అంటే ఆ నెట్ ఎక్కువగా ఫోన్లోనే ఉందని అర్థమవుతుంది.

2020: తాడు పొడుగెంతో తెలిసిన ఏడాది

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు ఖాళీ చేయించి అందరినీ ఇళ్లకు పంపారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇంట్లో, కరెంటు ఉన్న వేళ, పాఠం విన్నవాళ్లు విన్నారు. కాలేజీవాళ్లకైతే జూమ్, గూగుల్ మీట్.

అప్పుడు మేం స్కూల్లో ఉన్నాం. మీలో చాలామందికీ ఇవన్నీ తెలిసినవే. ఇంట్లో ఒక్క ఫోను, చదివే పిల్లలు ముగ్గురు. పనికి పోయే అయ్య ఫోన్ పట్టుకుపోతే పాఠం పోయినట్టే. కొండ మీద సిగ్నల్ పాయింట్ దగ్గర చెట్టు కింద వరుసగా కూర్చుని, రీచార్జ్ ఉన్న ఒక్క ఫోన్‌కు మిగతా ఫోన్లు కట్టుకుని క్లాసులు విన్న పిల్లలు దేశమంతా ఉన్నారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఆ ఫొటోలకు "పట్టుదల" అని శీర్షికలు పెట్టారు. పట్టుదల నిజమే. కానీ ఇంట్లో కూర్చుని వినాల్సిన పాఠానికి పిల్లలు కొండెందుకెక్కాలి అని ఆ ఫొటో కింద అడిగినవాళ్లు తక్కువ. ఆ రెండేళ్లలో చదువు మానేసి మళ్లీ రాని మన తోటివాళ్లు మనందరికీ గుర్తున్నారు. హాస్టల్ తెరిచాక ఖాళీగా మిగిలిపోయిన ఆ మంచాలు కూడా ఈ చరిత్రలో భాగమే.

లైను కాగితం మీద ఎక్కడిదాకా వచ్చింది

2011 అక్టోబరు 25న కేంద్రం ఆప్టిక్ ఫైబర్‌ను ప్రతి గ్రామ పంచాయతీకీ తీసుకెళ్లే పథకం ఆమోదించింది. లక్ష్యం రెండున్నర లక్షల పంచాయతీలు. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయ్యింది. ఆంధ్రలో ప్రభుత్వం సొంతంగా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు రూ. 149కే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. తెలంగాణలో టీఫైబర్ అన్నారు.

మైదాన ప్రాంతంలో పంచాయతీ అంటే ఒక ఊరు. మన దగ్గర పంచాయతీ అంటే కొండల మీద చెల్లాచెదురుగా ఉన్న గూడేలు. కేబుల్ పంచాయతీ ఆఫీసు దాకా వస్తే "పంచాయతీకి ఫైబర్ చేరింది" అని లెక్క పూర్తవుతుంది. అక్కడి నుంచి మన ఇంటికి గెడ్డ దాటాలి, కొండెక్కాలి. ఆ చివరి దూరాన్ని ఇప్పటిదాకా మోస్తున్నది మన ఫోన్లే.

టవర్ల లెక్క కూడా చూడండి. 2021 నవంబరులో ఆంధ్రతో సహా ఐదు రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి రూ. 6,466 కోట్లు మంజూరు చేశారు. 2022 జూలైలో దేశమంతా సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ అని రూ. 26,316 కోట్లు ప్రకటించారు. 2024 ఏప్రిల్ నాటికి 6,44,131 గ్రామాల్లో 6,12,952 గ్రామాలకు 3జీ లేదా 4జీ ఉందని, అంటే 95.15 శాతం గ్రామాలకు ఇంటర్నెట్ అందుతోందని ప్రభుత్వం చెప్పింది. మిగిలినవి 31 వేల పైచిలుకు.

ఆ 95 శాతం అంటే ఏంటో ఆలోచించండి. ఊరికి సిగ్నల్ అందడాన్నే ఇంటర్నెట్ అందడంగా లెక్కవేశారు. 2024లో దేశంలో దాదాపు 95 కోట్ల ఇంటర్నెట్ కనెక్షన్లుంటే వాటిలో ఇంటికి లైనుతో వచ్చేవి నాలుగు కోట్ల చుట్టుపక్కలే ఉండేవి. మిగతావన్నీ చేతిలోవే. అంటే ఈ దేశంలో చాలా ఇళ్లు ఫోన్ మీదే బతుకుతున్నాయి, మనం ఒక్కళ్లమే కాదు. కానీ పట్నంలో ఫోన్ నెట్ పోతే సందు చివర నెట్ సెంటర్ ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది. మనకు ఫోన్ పోతే ఆ రోజుకి ఏమీ లేదు.

ఈ డబ్బంతా ఎవరిది? 2002లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అని పెట్టారు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం దాంట్లో జమవుతుంది. మారుమూల ప్రాంతాలకు ఫోన్, నెట్ ఇవ్వడానికే ఆ నిధి. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయ్యింది. కంపెనీలకు ఆదాయం వచ్చేది రీచార్జుల నుంచే. కూలి డబ్బుతో మన అమ్మానాన్నలు చేయించిన ప్రతి రీచార్జులోనూ ఆ నిధి వాటా ఉంది. కాబట్టి టవరూ ఫైబరూ దానంగా వస్తున్నవి కావు.

ఫోన్ ఎవరి దగ్గర ఉండాలి?

ఇప్పుడు అసలు విషయం. తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఆన్‌లైన్. ఆంధ్రలోనూ 2020 నుంచి ఆన్‌లైనే. స్కాలర్‌షిప్ ఆన్‌లైన్, హాల్ టికెట్ ఆన్‌లైన్. ఇంటి దగ్గర చూస్తే ఉపాధి పనికి 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే వెయ్యాలి, పనిచేసేచోట తీసిన ఫొటోలు అప్‌లోడ్ అయితేనే హాజరు. బ్యాంకు ఓటీపీ ఫోన్‌కే వస్తుంది. ప్రభుత్వం ఇవన్నీ పెట్టేటప్పుడు ప్రతి ఇంట్లో నెట్ ఉందనుకుని పెట్టింది. ఉన్నది ఒక ఫోను.

హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉండాలి? మనం తెచ్చుకుంటే ఇంట్లో అమ్మకు ఓటీపీ రాదు, తమ్ముడికి పాఠం ఉండదు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యడానికి పక్కింటికి పోవాలి. ఇంట్లో వదిలేస్తే మనం కాలేజీ నోటీసు చూడం, అసైన్‌మెంట్ పెట్టలేం. మన సీనియర్లలో ఆడపిల్లలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇంట్లో ఫోన్ ఒకటే అయితే అది ముందు మగపిల్లాడి చేతికే వెళ్తుంది. ఇది కూడా మనం మనలో మనం మాట్లాడుకోవాల్సిందే.

కేరళలో ఒక హాస్టల్ విద్యార్థిని ఇదే విషయం కోర్టు దాకా తీసుకెళ్లింది. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు వాడకూడదన్న నిబంధన ఒప్పుకోనందుకు ఆ బీఏ అమ్మాయిని హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుకునే హక్కు చదువుకునే హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమే అంది. మనలాంటి ఒక హాస్టల్ పిల్ల గెలిచిన తీర్పు అది. గుర్తుపెట్టుకోదగ్గది.

మనం చెయ్యగలిగింది

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ను మార్చింది. దాదాపు రూ. 1.39 లక్షల కోట్లతో, పంచాయతీ దాటి మిగతా గ్రామాలకు కూడా, అడిగినచోట ఫైబర్ ఇస్తామంది. "అడిగినచోట" అన్న మాట దగ్గర ఆగండి. అడగకపోతే రాదు. అడగడానికి మన దగ్గర ఒక మార్గం ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక గూడెం, లేదా కొన్ని గూడేలు కలిసి, సొంత గ్రామసభ పెట్టుకోవచ్చు. అడవి కోసం, గనుల విషయంలో తీర్మానాలు చేసిన గ్రామసభ నెట్ లైను కోసం కూడా తీర్మానం చెయ్యచ్చు. ఇంటింటికీ కాకపోయినా ముందు గూడెం బడికి, అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకు, హాస్టల్‌కు లైను కావాలని రాసి పంపచ్చు. అక్కడ ఒక రౌటర్ ఉంటే ఊరిపిల్లలు సాయంత్రం అక్కడ కూర్చుని చదువుకుంటారు, ఫోన్ ఇంట్లో అమ్మ దగ్గర ఉంటుంది.

తీర్మానానికి ఆధారం కావాలి. ఆ ఆధారం మన ఊరి చరిత్రే. టవర్ల లెక్కలు ఢిల్లీలో ఉన్నాయి, మన గూడెంలో సిగ్నల్ ఏ చెట్టు దగ్గర వస్తుందన్న లెక్క మన దగ్గరే ఉంది. అందుకని గ్రూపులో అందరినీ ఒకటి అడుగుతున్నాం. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడిగి ఈ ఐదూ రాయండి:

మీ ఊళ్లో మొదటి ఫోన్ ఏ ఏడాది వచ్చింది, అది ఎలాంటి ఫోను. అంతకు ముందు ఫోన్ చెయ్యాలంటే ఎంత దూరం నడిచేవాళ్లు. మొదటి టవర్ ఎప్పుడు పడింది, ఇప్పుడు కరెంటు పోతే ఎంతసేపు పనిచేస్తుంది. ఇంట్లో కూర్చుంటే నెట్ వస్తుందా, లేకపోతే సిగ్నల్ పాయింట్ ఎంత దూరం. ఊళ్లో ఎన్ని ఇళ్లు, స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లెన్ని.

మనుషుల పేర్లు, నంబర్లు రాయొద్దు. ఊరి పేరు, మండలం చాలు. కోయ, గోండి, కువి, సవర, ఏ భాషలో చెప్పినా సరే, వాయిస్ మెసేజ్ పెట్టినా సరే, తెలుగులోకి రాసుకునే పని మేం చేస్తాం. యాభై ఊళ్ల వివరాలు వస్తే ఒక పట్టిక అవుతుంది. గ్రామసభకు వెళ్లేవాళ్లు దాన్ని చేతిలో పట్టుకుని వెళ్లచ్చు.

ఇంకోసారి ఫారంలో "ఇంట్లో ఇంటర్నెట్ ఉందా" అని అడిగితే టిక్కు పెట్టి ఊరుకోకండి. పక్కన ఖాళీ ఉంటే రాయండి: "ఒక ఫోన్ ఉంది. ఐదుగురం వాడుతున్నాం."

జోహార్.